మండిబజార్ దగ్గరి వేర్ల దుకాణం: అన్నీ కలిపి ఒకే పొట్లం కట్టమంటే కట్టరు

“గోలీల అట్టలు తెచ్చినవా బిడ్డా?”

ఈ కొట్టులో నన్ను అడిగిన మొదటి మాట ఇదే. నేను అడిగింది పావుకిలో త్రిఫల చూర్ణం. ఎక్కడికి వెళ్ళినా పావుకిలో అంటే పావుకిలో తూచి చేతిలో పెడతారు. ఇక్కడి పెద్దాయన త్రాసు ముట్టుకోలేదు. ఎవరికి, ఎంత వయసు, ఇంకా ఏమేం గోలీలు వాడుతున్నారు అని వరసగా అడిగారు. మా అమ్మకు, అరవై ఎనిమిదేళ్ళు, బీపీ గోలీ ఒకటి, రక్తం గోలీ ఒకటి అన్నాను. పేర్లు చెప్పమంటే నాకు నోటికి రాలేదు. “రేపు అట్టలు పట్టుకొని రా, చూసి ఇస్త” అని నా వెనక నిలబడ్డ ఆయన వైపు తిరిగారు. ఎండలో హన్మకొండ నుంచి బస్సెక్కి వచ్చి ఉత్త చేతులతో తిరిగి వెళ్ళాను. చాలా కోపం వచ్చింది. ఆ తర్వాత ఏడాదిన్నరగా మా ఇంట్లోకి ఏ మూలిక కావాలన్నా అక్కడికే వెళ్తున్నాను.

వరంగల్ చౌరస్తా నుంచి మండిబజార్ వైపు నడిస్తే ఎడమ చేతి గల్లీలో ఉంటుంది. బోర్డు లేదు. వేర్ల దుకాణం ఎక్కడ అని అడిగితే చెప్తారు. లోపల ఇద్దరు నిలబడితే మూడో మనిషి మెట్టు మీద ఆగాల్సిందే. పెద్దాయన, ఆయన కోడలు, ఇద్దరే చూసుకుంటారు.

నా గురించి ఒక మాట చెప్పాలి. జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాను. పిల్లల ప్రాక్టికల్స్‌కి ద్రావణాలు కలపడం, సీసాలు సర్దడం, పరీక్షల రోజు ఏ బల్ల మీద ఏ ఉప్పు పెట్టాలో చూసుకోవడం నా పని. నేను డాక్టర్‌ని కాదు, ఆయుర్వేదం చదవలేదు. ఏ సీసా పక్కన ఏ సీసా పెట్టకూడదో మాత్రం కళ్ళు మూసుకొని చెప్పగలను. అలాంటిదాన్ని ఇంట్లో వంటగది గూట్లో ఏ డబ్బా పక్కన ఏ డబ్బా ఉందో, అమ్మ ఏది దేనితో కలిపి మింగుతుందో రెండేళ్ళ కిందటి వరకు ఒక్కసారి కూడా చూసుకోలేదు. ఆకులూ వేర్లే కదా అనుకున్నాను.

2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు వెళ్ళి అమ్మవార్లకు బంగారం (బెల్లం) సమర్పించి తిరిగి వస్తుంటే దారిలో ఒక డేరా దగ్గర ఆగాం. ముప్పై రెండు మూలికలు కలిపిన పొడి, మోకాళ్ళ నొప్పికి, గ్యాస్‌కి, ఆయాసానికి, షుగర్‌కి, అన్నిటికీ అదేనట. డబ్బా ఆరువందలు. అమ్మ మోకాళ్ళు పట్టుకొని బస్సు ఎక్కుతోంది, కొనకుండా ఎలా ఉంటాం? పొద్దున ఒక చెంచా, రాత్రి ఒక చెంచా గోరువెచ్చటి నీళ్ళలో కలిపి తాగింది. అదే సమయంలో ఆమెకు దగ్గు. దగ్గుకి అతిమధురం పుల్లలు చప్పరించడం మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ అలవాటు.

మూడు వారాలకు కాళ్ళు వాచాయి. మెట్టు ఎక్కాలంటే తొడల్లో సత్తువ లేదు. ఆసుపత్రిలో బీపీ 180 మీద 100. రక్త పరీక్షలో పొటాషియం 2.9. అది 3.5 కంటే తగ్గకూడదు. డాక్టర్‌గారు కొత్తగా ఏం వాడుతున్నారో అన్నీ తెమ్మన్నారు. డబ్బా తీసుకెళ్ళి ముందు పెట్టాను. అట్ట మీద సన్నటి అక్షరాల్లో రాసిన పేర్లలో మొదటిది యష్టిమధు. అతిమధురమూ యష్టిమధూ ఒకటేనని ఆ గదిలో కూర్చున్నాకే నాకు తెలిసింది. అంటే అమ్మ ఒకే వేరును పొద్దున పొడిగా, మధ్యాహ్నం పుల్లగా, రాత్రి మళ్ళీ పొడిగా తీసుకుంటోంది.

అతిమధురానికి ఆ తీపి గ్లిజరైజిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. మన మూత్రపిండాల్లో ఒక ఎంజైమ్ ఉంటుంది. ఒంట్లో ఉండే కార్టిసాల్ అనే హార్మోన్ వెళ్ళి, ఉప్పును పట్టి ఉంచే ఆల్డోస్టెరాన్ హార్మోన్ చేయాల్సిన పని తాను చేయకుండా ఆ ఎంజైమ్ ఆపుతూ ఉంటుంది. గ్లిజరైజిన్ ఆ ఎంజైమ్‌నే అడ్డుకుంటుంది. అప్పుడు ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచిపోతాయి, పొటాషియం మూత్రంలో పోతుంది, బీపీ ఎక్కుతుంది. మా అమ్మ బీపీ గోలీలో నీరు పోయేందుకు ఇచ్చే మందు కూడా కలిసి ఉంది. అది కూడా పొటాషియాన్ని బయటికి పంపేదే. రెండూ ఒకవైపే లాగాయి. పొటాషియం మరీ పడిపోతే గుండె లయ తప్పుతుందని డాక్టర్‌గారు చెప్తుంటే నా చేతులు చల్లబడ్డాయి. పొడి, పుల్లలు రెండూ ఆపేశాం, పొటాషియం సిరప్ ఇచ్చారు. పది రోజుల తర్వాత 3.8 వచ్చింది. ఆ పది రోజుల టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను.

ఇదంతా అయ్యాకే, మా కాలేజీలో బాటనీ చెప్పే మేడం ఈ దుకాణం సంగతి చెప్పారు. అమ్మకు మలబద్ధకం ఉంది, త్రిఫల అయినా వేసుకుంటానని పట్టుబట్టింది. అలా మొదటిసారి వెళ్ళి ఖాళీగా తిరిగొచ్చాను.

రెండో రోజు అట్టలు తీసుకెళ్ళాను. పెద్దాయన కళ్ళద్దాలు పెట్టుకొని ఒక్కో అట్టనూ వెలుతురుకు ఎత్తి చూశారు. ఇంగ్లీషు పేరు కోడలు చదివి చెప్పింది. “రక్తం గోలీ అంటే ఇనుమే కదా. కరక్కాయకూ ఇనుముకూ పడదు బిడ్డా” అన్నారు. త్రిఫల రాత్రి పడుకునేటప్పుడు, రక్తం గోలీ పొద్దున, ఒకదాని మొహం ఒకటి చూడొద్దు అన్నారు. చాయ్‌తో కూడా రక్తం గోలీ మింగొద్దన్నారు.

నాకు ఆ మాట వినగానే మా ల్యాబ్‌లో ఫెర్రిక్ క్లోరైడ్ సీసా కళ్ళ ముందు కనబడింది. టానిన్, అంటే కాయల్లో వగరునిచ్చే పదార్థం, ఉన్న ద్రావణంలో రెండు చుక్కలు వేస్తే నీలం నలుపు. ఏటా పిల్లలకు చూపించే పరీక్షే. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ మూడింట్లోనూ టానిన్లు దండిగా ఉంటాయి. అవి ఇనుమును పట్టుకొని వదలవు, పేగు దాన్ని లోపలికి తీసుకోలేదు. పూర్వం కరక్కాయ రసంలో అన్నభేది కలిపి సిరా చేసుకునేవారు. అన్నభేది అంటే ఇనుప ఉప్పే. కలంకారీ వాళ్ళు కూడా బట్టను ముందు కరక్కాయ నీళ్ళలో ముంచి, దాని మీద ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్ళతో గీస్తారు. గీసిన చోటల్లా నల్లటి రంగు తేలుతుంది. బట్ట మీద అది అందం, కడుపులో మాత్రం మింగిన గోలీ దండగ. అమ్మకు మాటలతో చెబితే నమ్మదని, కరక్కాయ పొడి కలిపిన నీళ్ళలో ఒక పాత మేకు వేసి రాత్రంతా ఉంచాను. తెల్లారేసరికి గ్లాసు నిండా సిరా. “నా కడుపుల గిదే అయితున్నదా?” అంది అమ్మ. ఆ రోజు నుంచి రక్తం గోలీ టైము తప్పలేదు. అప్పుడు 9.1 ఉన్న హిమోగ్లోబిన్ నాలుగు నెలలకు 10.6 అయింది. మధ్యలో తిండి కూడా కొంచెం మార్చాం, కాబట్టి అంతా దీనివల్లే అని అనను.

పెద్దాయన చదివింది ఉర్దూ మీడియంలో ఏడో తరగతి వరకేనట. టానిన్ అనే మాట ఆయనకు తెలియదు. కానీ ఏది దేనితో పడదో చేతి వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్తారు, చెప్పిన వాటిలో ఎక్కువ భాగం మా కెమిస్ట్రీ పుస్తకాలకు సరిగ్గా సరిపోతుంది. ఈ దుకాణంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించింది అదే. మెట్టు మీద కూర్చొని నా వంతు కోసం చూస్తూ విన్నవి కొన్ని రాస్తాను.

ఒకాయన త్రికటు చూర్ణం అడిగాడు. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు. కొడుక్కి జలుబు తగ్గడం లేదట. అబ్బాయికి మూర్ఛ గోలీలు నడుస్తున్నాయని తెలియగానే పెద్దాయన డబ్బా మూత పెట్టేశారు. “డాక్టర్ సాబును అడిగి రా, నేనియ్య” అన్నారు. ఆయన బతిమాలాడు, తర్వాత గొంతు పెంచాడు. ఇవ్వలేదు. మిరియాల్లో, పిప్పళ్ళలో ఘాటునిచ్చే పైపరిన్ ఉంటుంది. మందులను విరగ్గొట్టే కాలేయపు ఎంజైములను అది నెమ్మది చేస్తుంది. పసుపుతో మిరియాలు కలపమనడం వెనక ఉన్న సంగతి కూడా ఇదే. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్ళు మనుషులకు పసుపులో ఉండే కర్క్యుమిన్ రెండు గ్రాములతో పాటు 20 మిల్లీగ్రాముల పైపరిన్ ఇచ్చి చూస్తే, ఒంటికి అందిన కర్క్యుమిన్ ఇరవై రెట్లు పెరిగింది. పసుపుకు మేలు చేసిన ఆ గుణమే ఫెనిటాయిన్ లాంటి మూర్ఛ మందును కూడా రక్తంలో పెంచుతుంది. ఆ మందుకు సరైన మోతాదు ఎంతో, ఎక్కువైన మోతాదు ఎంతో, రెండిటికీ మధ్య ఎడం చాలా తక్కువ. ఎక్కువైతే మనిషి తూలిపోతాడు, కళ్ళు నిలవవు. చారులో నాలుగు మిరియాలు వేసుకోవడం వేరు, రోజూ రెండు పూటలా చెంచాడు చూర్ణం వేరు.

షుగర్ ఉన్నవాళ్ళు పొడపత్రి కోసం బాగా వస్తారు. ఇక్కడ పొడపత్రి మంచిదో కాదో కొనేముందే చూపిస్తారు. ఆకు ముక్క నమలమని, కాసేపాగి బెల్లం ముక్క నోట్లో పెడతారు. తీపి అస్సలు తెలియదు, ఇసుక నమిలినట్టుంటుంది. నేను చేసి చూశాను, పావుగంట దాకా నాలుక మొద్దుబారినట్టే ఉంది. అయితే షుగర్ గోలీలు వేసుకుంటున్నవాళ్ళు దీన్ని కలిపితే షుగర్ మరీ దిగిపోవచ్చని, చెమటలు, వణుకు వస్తే వెంటనే బెల్లం తినమని ప్రతి ఒక్కరికీ చెప్తారు. ఇసబ్‌గోల్ కొన్నవాళ్ళకు గోలీలకూ దానికీ మధ్య రెండు గంటల ఎడం పెట్టమంటారు. ఆ జిగురు మందును పట్టుకుంటుంది.

కషాయాల విషయంలో ఒకటి నాకు బాగా పట్టుబడింది. దగ్గుకి అడ్డసరం ఆకు కషాయం తీసుకుంటాం కదా. నేను ఇంట్లో అడ్డసరం కషాయం, కరక్కాయ కషాయం విడివిడిగా కాచి రెండూ ఒకే గిన్నెలో పోశాను. విడిగా తేటగా ఉన్నవి కలిపేసరికి తెల్లగా మబ్బు పట్టాయి, అరగంటకు అడుగున మడ్డి చేరింది. అడ్డసరంలో వాసిసిన్ అనే ఆల్కలాయిడ్ ఉంటుంది. ఆల్కలాయిడ్ అంటే మొక్కల్లో ఉండి మందుగా పనిచేసే ఒక రకం పదార్థం. ఆల్కలాయిడ్లను టానిన్లు విరిచి అడుగుకు దించేస్తాయి. పైన తేటను తాగి అడుగున మడ్డిని పారబోస్తే మందు పారబోసినట్టే. ఆ మాట పెద్దాయనతో అంటే, “పారబోయొద్దు, దాచుకోవద్దు. పూటకు సరిపడ కాచుకో, కలియబెట్టి తాగు” అన్నారు.

దాచుకోవద్దు అన్న మాటకు ఎంత బరువుందో మా కెమిస్ట్రీ లెక్చరర్ సార్ చెబితే అర్థమైంది. పాత రోజుల్లో సీసాలో మందు కలిపి ఇచ్చే కాలంలో, కొద్దిగా ఇస్తే మందు, ఎక్కువైతే విషం అయ్యే స్ట్రిక్నిన్ ఉన్న మిక్స్చర్లలో పొరపాటున పడని ఉప్పు కలిస్తే, స్ట్రిక్నిన్ అడుగున గడ్డకట్టేదట. రోగి రోజూ పైనుంచి తాగుతూ చివరి రోజు ఆ అడుగు తాగితే, వారం రోజుల విషం ఒక్క గుక్కలో వెళ్ళేది. ఫార్మసీ పుస్తకాల్లో కలపకూడని మందుల పాఠంలో ఇది ఉంటుంది. స్ట్రిక్నిన్ ఎక్కడిదో కాదు, మన అడవుల్లోని ముషిణి గింజల్లోదే.

ఇక దుకాణం సంగతి. సరుకు శుభ్రం. కరక్కాయలు పగలగొట్టి చూపిస్తారు, లోపల పసుపు రంగు, పురుగు లేదు. పిప్పళ్ళు నలిపితే ఘాటు ముక్కుకు తగులుతుంది. కోసి ఎండబెట్టిన తిప్పతీగ మాత్రం ఒకసారి బూజు వాసన వచ్చింది. తిరిగి ఇస్తే మాట్లాడకుండా తీసుకొని వేరే సంచిలోంచి ఇచ్చారు. లెక్కంతా తులాల్లో చెప్తారు, తులం అంటే పది గ్రాములు. కరక్కాయలు పావుకిలో అరవై రూపాయలు, పిప్పళ్ళు ఐదు తులాలు ఎనభై. బయటకన్నా కొంచెం ఎక్కువే, కానీ నాకు అభ్యంతరం లేదు. పొడి ముందే కొట్టి ఉంచరు. పొడి చేస్తే గుణం తొందరగా పోతుందనీ, లోపల ఏం కలిసిందో తెలియదనీ కాయగానే ఇస్తారు. ఇంట్లో దంచుకోవాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు ఇది కష్టమే.

ఎన్ని రకాలు కొన్నా ఒకే పొట్లంలో కలిపి కట్టరు. ఏ పొట్లం ఆ పొట్లమే. మూడు రకాలు దాటి కలిపి వాడాలంటే వైద్యుడి చీటీ అడుగుతారు. చీటీ లేదంటే అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కాలేజీ ఆసుపత్రికి వెళ్ళి చూపించుకొని రమ్మంటారు. నేనూ ఒకసారి అలా వెళ్ళే రాయించుకొచ్చాను.

మొదట్లో పొట్లం మీద ఏమీ రాసేవాళ్ళు కాదు. ఇంటికొచ్చి గూట్లో పెడితే పది రోజులకు ఏది ఏదో తెలియదు. మా ఇంట్లో జరిగింది చెప్పి, బాపూ, ఒకే వేరుకు నాలుగు పేర్లుంటే మాలాంటి వాళ్ళకు ఎలా తెలుస్తుంది అని అడిగాను. ఆయన ఏమీ అనలేదు. రెండు వారాల తర్వాత వెళ్తే కోడలు చిన్న చీటీలు కోసి పెట్టుకుంది. ఇప్పుడు ప్రతి పొట్లం మీద రెండు పేర్లూ రాసి, తేదీ వేసి అంటిస్తోంది. అతిమధురం, యష్టిమధు. అడ్డసరం, వాస. పెన్నేరు గడ్డ, అశ్వగంధ. ఆమె గుండ్రటి చేతిరాత మా అమ్మ కళ్ళద్దాలు లేకుండా చదవగలుగుతోంది. అతిమధురం పొట్లం మీద మాత్రం ఎర్ర ఇంకుతో “బీపీ ఉంటే వద్దు” అని కూడా రాస్తుంది. ఆ చీటీ చూసిన ప్రతిసారీ నాకు ఆసుపత్రి గది గుర్తొస్తుంది.

నచ్చని విషయం ఒకటుంది, దాన్ని దాచి ఈ రివ్యూ రాయడం తప్పు. పై అరలో ఒక రేకు డబ్బాలో గాడిదగడపాకు ఉంది. ఊళ్ళలో పిల్లల కడుపులో పురుగులకని దాని రసం పట్టడం పాత అలవాటు. అందులో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. అది మూత్రపిండాలను పాడుచేస్తుంది, మనిషికి క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన వాటి జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దాన్ని చేర్చింది. 1990ల మొదట్లో బెల్జియంలో లావు తగ్గే మందులో ఒక వేరుకు బదులు పొరపాటున ఈ జాతి వేరు కలిసి, వందమందికి పైగా ఆడవాళ్ళ మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. దీన్ని దేనితో కలిపినా, కలపకపోయినా, లోపలికి తీసుకోకూడదు. ఇదంతా ప్రింట్ తీసి తీసుకెళ్ళి కోడలికి చదివి వినిపించాను. పిల్లలకు ఇవ్వడం లేదని, గజ్జికి పైపూతకు అడిగితేనే ఇస్తున్నామని పెద్దాయన అన్నారు. నాకు అది సరిపోలేదు. కొనేవాడు ఇంటికి వెళ్ళాక పిల్లకు పట్టడని ఎవరు చూస్తారు? ఆ డబ్బా అరలోంచి దించేయాలని అప్పుడు చెప్పాను, ఇక్కడా చెప్తున్నాను. పోయిన నెల వెళ్ళినప్పుడు కూడా అది అక్కడే ఉంది. అందుకే ఐదుకి నాలుగు ఇస్తున్నాను. డబ్బా తీసేసిన రోజు ఐదు ఇస్తాను.

పొద్దున పదిన్నరకు తెరుస్తారు, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు వరకు మూసేస్తారు. అమావాస్య రోజు సెలవు. ఒక్కొక్కరినీ అడిగి అడిగి ఇస్తారు కాబట్టి ముప్పావుగంట ఆగడానికి సిద్ధపడి వెళ్ళండి. బండి గల్లీ బయటే పెట్టాలి. ఫోన్‌లో డబ్బులు తీసుకుంటారు గానీ బిల్లు ఇవ్వరు. ఇంట్లో వాళ్ళు వేసుకునే గోలీల అట్టలన్నీ, సగం అయిపోయినవి కూడా, ఒక కవర్‌లో వేసి తీసుకెళ్ళండి. గర్భిణులు ఉంటే, పాలిచ్చే తల్లులు ఉంటే అడగకముందే చెప్పండి.